మూట నువ్వు కట్టకు!

రా చెల్లీ, ఇట్లా చాప మీద కూర్చో. టీ మరుగుతోంది. అల్లం దండిగా దంచి వేశాను, ఈ చలికి గొంతుకు హాయిగా ఉంటుంది. ముందు ఆ చేతిలో కాగితమేంటో చెప్పు. నాలుగు మడతలు పెట్టావు, చెమటకు అంచులు కూడా మెత్తబడిపోయాయి. బడి నుంచి వచ్చిందా? గైడ్స్ క్యాంపు, రెండు రాత్రులు, హార్సిలీ హిల్స్, కింద తల్లిదండ్రుల సంతకం. ఓ, అదా సంగతి!

వచ్చి మూడు రోజులైనా ఆ కాగితం మీద సంతకం పడలేదంటే నీ కడుపులో ఏం తిరుగుతోందో నాకు తెలియదా? మన ఇళ్ళల్లో ఏడో తరగతి పిల్ల అమ్మ పక్కన లేకుండా పడుకుందంటే అది అమ్మమ్మ ఇంట్లోనే. అలాంటిది కొండ మీద, గుడారంలో, చలిలో! మనకు గుండె దడదడలాడకపోతే ఇంకెవరికి లాడుతుంది? సరే, భయాలన్నీ ఒక్కసారిగా మీద వేసుకోకు. ఒక్కొక్కటే తీసి ఇక్కడ పెట్టు, తీరిగ్గా చూద్దాం. టీ అయిపోయేలోపు సంతకం పెట్టిస్తాను చూడు.

"గైడ్స్ అంటే ఆగస్టు పదిహేనుకు నీలం బట్టలేసుకుని జెండా దగ్గర నిలబడేదే కదక్కా, దానికి కొండలెందుకు?" అంటావు. మన తప్పేం లేదులే, మన కళ్ళకు కనిపించేది ఆ ఒక్క రోజే. మిగతా ఏడాదంతా జరిగేది బడి వెనక చెట్టు కింద. తాడుతో ముడులు వేయడం, దెబ్బ తగిలితే కట్టు కట్టడం, దిక్సూచి చూడడం, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించడం. అవన్నీ నిజంగా పనికొస్తాయో లేదో తేలేది క్యాంపులోనే. ఈత పుస్తకంలో చదివితే సరిపోతుందా, బావిలో దూకొద్దూ?

ఒక్క ముడి సంగతి చెప్తా విను. రీఫ్ నాట్ అంటారు. కుడి కొసను ఎడమ కొస మీదుగా తిప్పాలి, మళ్ళీ ఎడమ కొసను కుడిదాని మీదుగా తిప్పాలి. అప్పుడది బల్లపరుపుగా పడుకుంటుంది, ఒంటికి గుచ్చుకోదు, రెండు వైపుల నుంచీ లోపలికి నెడితే ఊడి వస్తుంది. అందుకే దెబ్బ తగిలిన చేతిని మెడకు వేలాడదీసే కట్టుకు అదే వేస్తారు. వాళ్ళ మెడలో ఉండే స్కార్ఫు సోకు కోసం కాదమ్మా, విప్పితే అదే కట్టు గుడ్డ. రెండుసార్లూ ఒకే వైపు తిప్పావనుకో, అది మన లంగా బొందు ముడి! రాత్రి విప్పలేక పళ్ళతో లాగి, చివరికి కత్తెర తెచ్చుకున్న రోజులు మనకు లేవా? ఈ ఒక్క సంగతి పన్నెండేళ్ళకే తెలిసి ఉంటే నాకు ఎన్ని బొందులు మిగిలేవో.

నవ్వావు, మంచిది. ఇప్పుడు అసలు చిక్కు చెప్పు. మీ అత్తమ్మ "ఆడపిల్లకు కొండలెందుకు?" అంటోందా? పెద్దావిడతో వాదన వద్దు. పక్కన కూర్చుని, ఒక తమలపాకు చుట్టిచ్చి, "అత్తమ్మా, హార్సిలీ కొండ అసలు పేరేంటి?" అని అడుగు. ఏనుగు మల్లమ్మ కొండ అని ఆవిడే చెప్తుంది. కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర అక్కడ బంగళా కట్టుకున్నాక ఆయన పేరు అతుక్కుంది గానీ, అంతకుముందు ఆ కొండ ఒక ఆడపిల్లది. కొండ మీద మల్లమ్మ అనే పిల్ల ఉండేదని, ఏనుగులే ఆమెకు తిండి పెట్టి చూసుకునేవని మన పెద్దలు చెప్పుకునే కథ. ఆడపిల్ల పేరున్న కొండకు ఆడపిల్ల వెళ్ళకూడదా? ఈ మాట నువ్వనకు, ఆవిడ నోటితోనే అనిపించు.

ఇంకో కథ కూడా చెప్పొచ్చు. 1907లో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ అనే చిన్న దీవిలో ఓ ఇరవై మంది మగపిల్లలతో క్యాంపు పెట్టాడు. స్కౌటింగ్ అక్కడే మొదలు. రెండేళ్ళకు, 1909లో, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల పెద్ద సభ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు ఆడపిల్లలు స్కౌట్ల టోపీలు పెట్టుకుని వచ్చి నిలబడ్డారు. మేమూ వస్తాం అన్నారు. ఆయన తల గోక్కుని, మరుసటి ఏడాదే వాళ్ళ కోసం గైడ్స్ పెట్టించి, తన చెల్లెలు ఆగ్నెస్ చేతిలో పెట్టాడు. 1911కల్లా మన దేశంలో జబల్పూర్‌లో మొదటి గైడ్ కంపెనీ వచ్చేసింది. చూశావా, ఇది ఎవరో మన ఆడపిల్లల నెత్తిన రుద్దిన పని కాదు. ఆడపిల్లలు పట్టుబట్టి తెచ్చుకున్నది.

మన వాల్మీకిపురానికి ఇదంతా దూరం కథ అనుకునేవు, కాదు. ఇక్కడ మొదట్లో స్కౌటింగ్ దొరల పిల్లలకే, మన పిల్లల్ని చేర్చుకోలేదు. అనీ బిసెంటమ్మ ఊరుకునే మనిషా? 1916లో జార్జ్ అరండేల్‌తో కలిసి మద్రాసులో మన పిల్లల కోసం ఇండియన్ బాయ్ స్కౌట్స్ సంఘం పెట్టేసింది. టోపీల బదులు తలపాగాలు చుట్టించింది. మనం అప్పుడు మద్రాసు రాజధానిలోనే కదా! మన మదనపల్లెలో ఆమె పేరున్న బీటీ కాలేజీ అంతకు ఒక్క ఏడాది ముందే, 1915లో, మొదలైంది. 1919లో టాగూర్ వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చుకున్నది ఆ ఆవరణలోనే. ఆ తొలినాళ్ళ స్కౌట్ ఉద్యమంలో పనిచేసిన పియర్స్ గారు తర్వాత 1950లలో మన రిషి వ్యాలీ బడికి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1950 నవంబరు 7న దేశంలోని స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి, మరుసటి ఏడాది ఆగస్టు 15న గైడ్స్ సంఘమూ వచ్చి చేరింది. అదిగో, నీ కాగితం మీదున్న గుర్తు వాళ్ళదే. అంటే మన పిల్ల కొత్తగా ఏదో చేయడం లేదు, మన ఊళ్ళ చుట్టూ వందేళ్ళుగా ఉన్న బాటలోనే నడుస్తోంది.

టీ తీసుకో. చక్కెర చాలా?

ఇప్పుడు నీ రెండో భయం. "మా పిల్ల నోట్లో నాలుక లేదక్కా, దానికి లీడర్‌షిప్ ఏంటి?" అవునా? మనం లీడరనగానే మైకు పట్టుకుని అరిచేవాళ్ళనే ఊహించుకుంటాం. గైడ్స్‌లో అట్లా కాదు. ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక పెట్రోల్. కమలం, గులాబీ అని పూల పేర్లు పెట్టుకుంటారు. అందులో ఒకరు లీడర్, ఒకరు ఆమెకు తోడు. మిగతావాళ్ళకూ తలా ఒక పని ఉంటుంది. సామాన్ల లెక్క ఒకరిది, వంట ఒకరిది, మందుల పెట్టె ఒకరిది, రాత ఒకరిది. పెట్రోల్ లీడర్లంతా కెప్టెన్ టీచరుతో కూర్చుని మాట్లాడుకునే సభ ఒకటుంటుంది, కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. రేపు ఏం వండాలి, ఎవరు అలిగారు, ఏం చేద్దాం అని పిల్లలే తేల్చుకుంటారు. నలభై మంది క్లాసులో నోరు విప్పని పిల్ల, ఆరుగురిలో ఉప్పు డబ్బా తన చేతిలో ఉంటే మాట్లాడక ఏం చేస్తుంది?

మా తమ్ముడి కూతురు చెప్పింది విని నేను ఎంత నవ్వుకున్నానో. మొదటి రోజు వాళ్ళ పెట్రోల్ రాగి సంగటి చేసింది. లీడర్ పిల్ల అన్నీ తానే చేస్తానంది. బియ్యం ఉడుకు పట్టింది, పిండి గుట్టగా పోసింది, మంట చూసుకునేలోపు గెలకడం ఆలస్యమైంది. గిన్నె జారుతోంది, పొగ కళ్ళల్లోకి కొడుతోంది, మిగతా ఐదుగురూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. సంగటి నిండా ఉండలే! పట్టుకుంటే గోలీలే! ఊరిబిండి వేసుకుని ఎట్లాగో మింగారట. రెండో రోజు ఆ పిల్లే మారింది. చేతుల్లో బలమున్న పిల్లకు సంగటి కట్టె ఇచ్చింది, ఇద్దరిని గిన్నె పట్టుకోమంది, ఒకరిని మంట తగ్గించే పనికి పెట్టింది, తాను నీళ్ళ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది. ముద్ద చేతికి అంటుకోకుండా వచ్చింది. వడ్డించి, తాను చివర్న తినింది. ఎవరూ పాఠం చెప్పలేదు చెల్లీ, ఉండల సంగటే చెప్పింది. మనం పెళ్ళయి పదేళ్ళకు నేర్చుకున్న విద్య అది. ఇంట్లో పనంతా మనమే నెత్తినేసుకుంటే ఏమవుతుందో మనకు తెలియనిదా?

మూడో భయం పాములూ పురుగులూ, అంతేనా? భయపడాల్సిందే, కానీ భయాన్ని పనిలో పెట్టాలి. పిల్లకు మూడు మాటలు చెప్పి పంపు. చీకట్లో టార్చి లేకుండా అడుగు పెట్టకూడదు. పొద్దున బూట్లు తిరగేసి దులపకుండా వేసుకోకూడదు. రాళ్ళ సందుల్లో, పొదల్లో చేయి పెట్టకూడదు. ఒకవేళ ఏదైనా కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం ఏవీ చేయకూడదని, కదలకుండా ఉంచి వెంటనే 108కు చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని వాళ్ళకు ప్రథమ చికిత్సలో నేర్పుతారు. అది వినొచ్చి నీకూ చెప్తుంది, నువ్వూ నేర్చుకో. మన చేలల్లో మనకూ పనికొస్తుంది.

టీచరును అడగాల్సినవీ ఉన్నాయి. మొహమాటం వద్దు, మంచి టీచరు అడిగితే సంతోషిస్తుంది. ఆడపిల్లలతో రాత్రి ఉండే ఆడ టీచర్లు ఎంతమంది? స్నానాలకు, మరుగుదొడ్డికి ఏర్పాటేంటి? దగ్గరి ఆసుపత్రి ఎక్కడ, అర్ధరాత్రి బండి ఉంటుందా? పిల్లకు ఆయాసమో, ఏ తిండైనా పడకపోవడమో ఉంటే ఎవరికి రాసివ్వాలి? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళు. జవాబులు వింటుంటేనే నీ గుండె సగం కుదుటపడుతుంది.

ఇంకోటి ఉంది, నువ్వు అడగలేక టీ గ్లాసు తిప్పుతున్నావు. నెలసరి. అదే కదా? దాని గురించి గుసగుసలెందుకు? ఇంకా మొదలు కాకపోయినా సరే, జిప్పున్న చిన్న సంచిలో ఆరు ప్యాడ్లు, రెండు లోదుస్తులు, చుట్టి పడేయడానికి నాలుగు పాత పేపరు ముక్కలు పెట్టుకోమను. ఎట్లా వాడాలో ఇంట్లోనే ఒకసారి చూపించు. "కెప్టెన్ టీచరు కూడా మన లాంటి మనిషే, నోరు తెరిచి చెప్పు" అని ఒక్క మాట అను. వాళ్ళ నినాదమే "సిద్ధంగా ఉండు". ఆ రెండు మాటలు తాళ్ళకూ టార్చీలకే అనుకున్నావా? మన ఆడపిల్లకు అన్నిటికంటే ముందు ఇందులోనే కావాలి.

"చదువు పాడవదా?" అంటారు మీ ఆయన. రెండు రోజులకు పాడయ్యే చదువైతే అది ముందే పాడైందని చెప్పు! ఊరికే అంటున్నాలే, ఆయనతో నెమ్మదిగానే చెప్పు. ప్రవేశ్ నుంచి మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆపైన గవర్నరు పేరిట రాజ్య పురస్కార్, చివరికి రాష్ట్రపతి పురస్కారం. మెట్టు మెట్టుగా ఏళ్ళ తరబడి ఎక్కాల్సినవి. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు ప్రత్యేక కోటా ఉందని కూడా ఆయన చెవిన వెయ్యి, మగవాళ్ళకు ఆ మాట వెంటనే ఎక్కుతుంది. మన స్టేషన్లో పాకాల–ధర్మవరం బండి కూత వినబడినప్పుడల్లా గుర్తొస్తుంది. కానీ నువ్వు మాత్రం సర్టిఫికెట్టు కోసం పంపకు. పిల్లకు అది తెలిసిపోతుంది.

ఇక ఫోను. క్యాంపులో ఫోను ఉండదు, గంటకోసారి మాట్లాడడం కుదరదు. ఇక్కడే మన ప్రాణం పోతుంది, కదా? అయితే ఒక తమాషా చెప్తా. గైడ్స్ అడవి దారిలో నడిచేటప్పుడు వెనక వచ్చేవాళ్ళ కోసం నేల మీద గుర్తులు పెడతారు. రాళ్ళతోనో పుల్లలతోనో బాణం వేస్తే "ఇటు రండి". అడ్డంగా ఇంటూ గుర్తు పెడితే "ఈ దారి కాదు". గుండ్రంగా గీసి మధ్యలో చుక్క పెడితే "నేను ఇంటికి వెళ్ళిపోయాను". కెన్యాలో బేడెన్ పవెల్ సమాధి రాతి మీద కూడా ఆ సున్నా, చుక్కే ఉన్నాయి. ఆయన 1941లో పోయాడు. ఫోన్లు లేని రోజుల్లో పిల్లలు ఇన్ని మాటలు రాళ్ళతో చెప్పుకున్నారు. మనం రెండు రోజులు ఆగలేమా?

ఇప్పుడు అసలు మాటకొస్తున్నా. ఇది సలహా కాదు, అక్క ఆజ్ఞ అనుకో. పిల్ల మూట నువ్వు కట్టకు.

ఎందుకంటావా? నేను తొమ్మిదో తరగతిలో అదే కొండకు వెళ్ళాను. అప్పటికి మన వాల్మీకిపురాన్ని అందరూ వాయల్పాడనే అనేవాళ్ళు. పట్టాభిరామస్వామి గుడి దగ్గర బస్సెక్కాం. నేనే పెట్రోల్ లీడర్ని, జేబు మీద బ్యాడ్జీ చూసుకుని మురిసిపోయాను. మా అమ్మ రాత్రంతా కూర్చుని నా సంచి సర్దింది. మురుకుల డబ్బా, రెండు స్వెట్టర్లు, కొబ్బరినూనె సీసా, దుప్పటి, అన్నీ. పొద్దున నాలుగు వేల అడుగుల ఎత్తున, 1859లో నాటిన ఆ కళ్యాణి నీలగిరి చెట్టు కింద నిలబడి ఫొటో దిగాం. బ్రహ్మాండం!

రాత్రి పదకొండింటికి మా గుడారంలో చిన్న పిల్ల ఒకతి కడుపు నొప్పని లేచి ఏడ్చింది. బయటికి తీసుకెళ్ళాలి. లీడర్ని కదా, నా టార్చి తీయాలి. ఎక్కడుంది? అమ్మ పెట్టిందని తెలుసు, ఎక్కడ పెట్టిందో తెలియదు. చేయి పెట్టి వెతికాను, దొరకలేదు. చీకట్లో సంచి మొత్తం బోర్లించాను. మురుకులు మోకాళ్ళ కింద పటపటమన్నాయి, నూనె సీసా దుప్పటి మీద ఒలికింది. ఆ పిల్ల ఏడుపు ఎక్కువైంది. అంతలో పక్కన పడుకున్న పిల్ల, వాళ్ళమ్మ కూలికి పోయేది కాబట్టి తన సంచి తానే సర్దుకున్న పిల్ల, కళ్ళు కూడా పూర్తిగా తెరవకుండా పక్క జేబులోంచి టార్చి తీసి, చిన్నదాని చేయి పట్టుకుని బయటికి నడిచింది. నా టార్చి పొద్దున దొరికింది. అద్దం పగలకూడదని అమ్మ స్వెట్టరు చేతిలో దూర్చి, చుట్టి పెట్టింది. ఎంత ప్రేమో చూడు! ఆ ప్రేమే నన్ను ఆ రాత్రి గుడ్డిదాన్ని చేసింది. బ్యాడ్జీ నా జేబు మీద ఉంది, లీడర్ బయట టార్చి పట్టుకుని నడుస్తోంది.

అమ్మకు ఆ సంగతి నేను ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే నొచ్చుకుంటుందని. నీకు చెప్తున్నా.

అందుకే, నువ్వు మంచం మీద కూర్చో, చేతులు ఒళ్ళో పెట్టుకో. పిల్ల తన పట్టీ తనే రాసుకుంటుంది, తనే సర్దుకుంటుంది. పళ్ళెం, గ్లాసు, స్వెట్టరు, టార్చి, తాడు, నీళ్ళ సీసా. సంచి బరువు తన బరువులో ఐదో వంతు మించకూడదు. నలభై కిలోల పిల్లకు ఎనిమిది కిలోలు. అయ్యాక వీపున వేసుకుని వీధి చివరిదాకా నడిచి రమ్మను. ఎక్కువైతే తానే తీసేస్తుంది. "అది మర్చిపోయావే" అని నోటిదాకా వస్తుంది, నాకు తెలుసు. ఒక గుక్క నీళ్ళు తాగు. మందులూ, నెలసరి సంచీ ఉన్నాయా అని మాత్రం అడుగు. మిగతాది ఏది మరిచినా ప్రాణం పోదు.

మొన్న మా మరదలికి ఇదే చెప్పాను. పాపం, చేతులు కట్టుకునే కూర్చుంది. పిల్ల పళ్ళెం మర్చిపోయిందని చూస్తూనే ఉంది, నోరు మెదపలేదు, నా వైపు చూసి కళ్ళతోనే తిట్టింది. ఏమైంది? అక్కడ ఆకులు పుల్లలతో కుట్టుకుని తినిందట. "రెండో పూట మా పెట్రోల్ అందరికీ నేనే కుట్టిచ్చానత్తా" అని నాకు గొప్పగా చెప్పింది.

తిరిగొచ్చింది ఆదివారం తెల్లవారుజామున. మా మరదలు రాత్రి నిద్రపోలేదు గానీ, పొద్దున ఏమారి కునుకు తీసింది. బస్సు ముందే వచ్చేసింది. పిల్ల తలుపు కొట్టి ఎవర్నీ లేపలేదు. పెరటి వైపు నుంచి వచ్చి నానమ్మ పక్కన ముడుచుకుని పడుకుంది. మా మరదలు ఉలిక్కిపడి లేచి, నీళ్ళు చల్లి ముగ్గేద్దామని వాకిట్లోకి వెళ్తే, గడప ముందు మట్టిలో పుల్లతో గీసిన సున్నా, మధ్యలో ఒక్క చుక్క.

ఆ రోజు ముగ్గు దాని చుట్టూ వేసింది.

టీ చల్లారిపోయింది, ఉండు, వేడి చేసి తెస్తా. పెన్ను అదిగో, క్యాలెండర్ కింద గూట్లో ఉంది.